రాత్రి జాబ్‌లోకి అంకె పంపే ముందు

అమ్మలూ,

ఆ పాత బిల్లింగ్ ప్రోగ్రామును ముక్కలు చేసి, ఒక్కో ముక్కను సీఎల్ (సిస్టమ్‌కి కమాండ్లు ఇచ్చే భాష) నుంచి కాల్ చేసి, అంతా రాత్రి బ్యాచ్‌లో, అంటే మనిషి ముందు లేకుండా, నడిపించే పని నీకే అప్పజెప్పారట కదా. మీ నాన్న చెప్పగానే గర్వంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. 1988లో ఏఎస్/400గా వచ్చి ఇప్పుడు ఐబీఎమ్ ఐ అయిన ఆ సిస్టమ్ మీద ప్రోగ్రామును విడగొట్టడం పెద్ద కష్టం కాదు. విడగొట్టిన ముక్కల మధ్య అంకెలు పంపడం దగ్గరే నాకు భయం.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. పంపే వైపు, అందుకునే వైపు పారామీటర్ (ఒక ప్రోగ్రాము ఇంకోదానికి అందించే విలువ) రకం, పొడవు, దశాంశ స్థానాలు ఒకేలా ఉండాలి. ఆర్‌పీజీ (మన బిల్లింగ్ ప్రోగ్రాములు రాసే భాష) నుంచి ఆర్‌పీజీకి అయితే ప్రోటోటైప్, అంటే ఏ పారామీటర్ ఎలా ఉంటుందో చెప్పే ప్రకటన, రాయి. లోపల మార్చని పారామీటర్లకు కాన్స్ట్ (దీన్ని మార్చను అని చెప్పే మాట) పెట్టు, పొడవులో తేడా ఉంటే కంపైలరే సరిచేసి పంపుతుంది. ఆ ప్రోటోటైప్ అన్ని ప్రోగ్రాములూ కలుపుకునే ఒకే కాపీ మెంబర్లో ఉండాలి, దొరికిన చోటల్లా అతికించొద్దు.

ఇక సీఎల్. కాల్ కమాండ్‌లో అంకెను నేరుగా రాస్తే అది 15 అంకెలు, అందులో 5 దశాంశాలు ఉన్న ప్యాక్డ్ డెసిమల్‌గా (బైటుకు రెండేసి అంకెలు, చివరి అరబైటులో ప్లస్ మైనస్ గుర్తు) వెళ్తుంది. అంటే 8 బైట్లు. నువ్వు 12345 రాస్తే మెమరీలో 00 00 01 23 45 00 00 0ఎఫ్ అని కూర్చుంటుంది, ఆ ఎఫ్ ప్లస్ గుర్తు. అందుకునే ప్రోగ్రాము 5 అంకెల ప్యాక్డ్ కోసం చూస్తుంటే మొదటి మూడు బైట్లే చదువుతుంది: 00 00 01. ప్లస్సో మైనస్సో చెప్పాల్సిన చివరి చోట 1 ఉంది, అది చెల్లదు. డెసిమల్ డేటా ఎర్రర్, ఎమ్‌సీహెచ్1202, ప్రోగ్రాము ఆగిపోతుంది. ఆపరేటర్ విసుక్కుంటాడు, విసుక్కోనీ. ఆగిన ప్రోగ్రాముతో నాకు పేచీ లేదు.

నేను పనిచేసిన ఒక చోట ఆగని ప్రోగ్రామును చూశాను. బాకీ ఉన్న కస్టమర్లకు నెలనెలా గుర్తుచేస్తూ ఉత్తరాలు అచ్చయ్యేవి. చిన్న బాకీలకు ఉత్తరం దండగ కాబట్టి, ఫలానా మొత్తం కంటే తక్కువైతే వదిలెయ్యమని ఒక పరిమితిని పారామీటర్‌గా పంపేవాళ్లు. ఆర్‌పీజీ వైపు అది 15 అంకెలు, 2 దశాంశాలు. సీఎల్‌లో కూడా అలాగే డిక్లేర్ చేసిన వేరియబుల్. రాసినవాడు మా అందరిలోకీ జాగ్రత్తపరుడు. మెనూ నుంచి నడిపి, లిస్టింగ్ ముందు పెట్టుకుని బాకీలన్నీ చేత్తో సరిచూశాడు. అన్నీ సరిపోయాయి. ఆ తర్వాత ఎవరో ఇది పగలు ఎందుకు, రాత్రికి పంపుదాం అన్నారు. కాల్ ముందు ఎస్‌బీఎమ్‌జాబ్ (పనిని బ్యాచ్‌కి పంపే కమాండ్) చేరింది. మరేమీ మారలేదు, అందుకే మళ్లీ ఎవరూ పరీక్షించలేదు.

మారింది అక్కడే, అమ్మలూ. ఎస్‌బీఎమ్‌జాబ్‌లో వేరియబుల్ వేరియబుల్‌గా వెళ్లదు. దాని విలువను కమాండ్ వాక్యంలో అక్షరాలుగా రాసేసి, ఆ వాక్యాన్ని కొత్త జాబ్‌కి ఇస్తారు. అక్కడ అది మళ్లీ నేరుగా రాసిన అంకె అయిపోతుంది, అంటే మళ్లీ 5 దశాంశాలు. 125.50 పంపితే అందుకున్నవాడు అవే 8 బైట్లను 2 దశాంశాలతో చదివి 1,25,500.00 అనుకున్నాడు. పొడవు సరిపోయింది, గుర్తు సరిగ్గానే ఉంది, ఎర్రర్ ఎందుకొస్తుంది? జాబ్ ప్రతిసారీ శుభ్రంగా పూర్తయ్యేది. పెద్ద పెద్ద బాకీలకు తప్ప ఉత్తరాలే వెళ్లలేదు. రాని ఉత్తరం గురించి ఏ కస్టమరైనా ఫిర్యాదు చేస్తాడా? చివరికి అకౌంట్స్‌లో ఒకావిడ కాగితం ఖర్చు తగ్గిందేమిటని అడిగితే బయటపడింది. అప్పుడు కూడా ముందు ఫైల్‌నీ, నెలాఖరు ప్రోగ్రామునీ అనుమానించాం. జాబ్‌ను హోల్డ్‌లో పెట్టి, దాన్ని పక్కనుంచి పరిశీలించే సర్వీస్ జాబ్ మొదలుపెట్టి, డీబగ్‌లో పారామీటర్‌ను హెక్స్‌లో, అంటే బైటు బైటుగా, చూసేదాకా ఎవరికీ తట్టలేదు. పాపం, అతని మొహం చూడలేకపోయాను.

ఇంకో ప్రమాదం ఉంది. కాల్‌లో పంపేది విలువను కాదు, అది ఉన్న చోటి అడ్రసును. ఇల్లు చూపించి, ఎన్ని గదులు మనవో చెప్పకుండా వదిలేసినట్టు. నువ్వు 3 బైట్ల వేరియబుల్ ఇస్తే, అవతలి ప్రోగ్రాము దాన్ని 9 అంకెలదని నమ్మి 5 బైట్లు రాస్తే, పక్క వేరియబుల్లో రెండు బైట్లు పాడవుతాయి. తప్పు ఒకచోట, ఏడుపు ఇంకెక్కడో.

కాబట్టి రాత్రి జాబ్‌లో కాల్ పెట్టకు. ప్రతి ముక్కకీ ఒక సొంత కమాండ్ తయారుచెయ్యి. దాని నిర్వచనంలో పారామీటర్ డెసిమల్ అనీ, 15 అంకెలు, 2 దశాంశాలు అనీ రాస్తే, ఎస్‌బీఎమ్‌జాబ్‌లో ఆ కమాండ్ ఇచ్చినా సిస్టమే సరైన పొడవుకు మార్చి అందిస్తుంది. అందుకునే ప్రోగ్రాములోనే 5 దశాంశాలు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. పనిచేస్తుంది, కానీ రేపు ఆ కోడ్ చదివేవాడికి ఎందుకో అర్థం కాదు. నాకు నచ్చదు. అంకెను అక్షరాలుగా పంపి లోపల మార్చుకోవడం కూడా మంచిదే. 32 అక్షరాలు దాటే పొడవైన క్యారెక్టర్ వేరియబుల్ అయితే మాత్రం జాగ్రత్త: ఎస్‌బీఎమ్‌జాబ్ దాని చివరి ఖాళీలను కత్తిరిస్తుంది, ఆ చోట అవతల చెత్త కనిపిస్తుంది.

పరీక్షకు సున్నా వాడితే మాత్రం ఊరుకోను. సున్నాను వెయ్యితో గుణించినా సున్నానే, మా ఉత్తరాల ప్రోగ్రాము కూడా దానితో నెగ్గేది. పైసలున్న మొత్తం ఒకటి, మైనస్ మొత్తం ఒకటి తీసుకుని, నిజంగా బ్యాచ్‌కి పంపి చూడు. మెనూ నుంచి నడిచిందని సంతృప్తి పడొద్దు. అంత పెద్ద పని నీ చేతికిచ్చారంటే నీ మీద వాళ్లకు నమ్మకం ఉంది, నాకు అంతకంటే ఎక్కువ ఉంది, అయినా తిడుతున్నాను, ఏమనుకోకు.

కమాండ్ సోర్సూ, సీఎల్ సోర్సూ నాకు పంపు. కళ్లజోడు మార్చుకున్నాను, ఇప్పుడు చిన్న అక్షరాలు కూడా బాగానే కనిపిస్తున్నాయి. ప్రొడక్షన్‌కి వెళ్లేలోపే పంపు, తర్వాత కాదు.

పెదనాన్న