బీఈడీ అయ్యాక ఎమ్మెస్సీ అవసరమా?

ప్రశ్న: మాది నరసన్నపేట. మా అమ్మాయి బీఎస్సీ (ఎంపీసీ), బీఈడీ పూర్తిచేసి, టెట్‌లో అర్హత సాధించి, ప్రైవేటు పాఠశాలలో ఫిజికల్ సైన్స్ చెబుతోంది. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేస్తానంటోంది. డీఎస్సీకి ఉన్న చదువు చాలు కదా, మళ్లీ రెండేళ్లు ఎందుకు? చదవాలనే అనుకుంటే ఎంఈడీ మేలు కాదా? – ఒక తండ్రి

జవాబు: స్కూల్ అసిస్టెంట్ పోస్టు వరకు మీరన్నది నిజమే, దానికి పీజీ అడగరు. కానీ వెన్నెలవలస, కిల్తంపాలెం నవోదయల్లో గానీ, కేంద్రీయ విద్యాలయాల్లో గానీ పదకొండు, పన్నెండు తరగతులకు బోధించే పీజీటీ కావాలంటే, సంబంధిత సబ్జెక్టులో కనీసం 50 శాతం మార్కులతో పీజీ, దానితోపాటు బీఈడీ ఉండాలి. జూనియర్ లెక్చరర్ పోస్టుకూ పీజీ తప్పనిసరి. ఆపైన అధ్యాపక అర్హత పరీక్షలైన నెట్ గానీ సెట్ గానీ సాధిస్తే డిగ్రీ కళాశాలలకూ దారి ఉంటుంది.

ఎంఈడీ ప్రధానంగా బీఈడీ కళాశాలలు, వమరవల్లిలోని డైట్ వంటి ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో పనిచేయాలనుకునేవారికి. అక్కడ సైన్సు బోధన పద్ధతులు చెప్పేవారికి కూడా ఎంఈడీతోపాటు సబ్జెక్టు పీజీ కావాలి కనుక, ముందు ఎమ్మెస్సీ చేయించడమే మంచిదని నా అభిప్రాయం.

ఉద్యోగాల లెక్క కన్నా నాకు ముఖ్యంగా తోచేది తరగతి గది. పదో తరగతిలో ఓమ్ నియమం ప్రయోగాన్ని టార్చిలైటు బల్బుతో చేయిస్తే, పిల్లలు గీసే వోల్టేజీ-కరెంటు గ్రాఫు ఆ నియమం చెప్పినట్టు సరళరేఖగా రాక వంపు తిరుగుతుంది. సబ్జెక్టు మీద పట్టు లేనివారు ప్రయోగం తప్పిందనుకుని, పుస్తకంలో ఉన్న గీతనే వేయించి ఊరుకుంటారు. పట్టున్నవారు ఆ వంపునే చూపించి, ఫిలమెంటు వేడెక్కే కొద్దీ దాని నిరోధం పెరుగుతుందని, ఓమ్ నియమానికి ఉష్ణోగ్రత స్థిరంగా ఉండాలని వివరిస్తారు. ఎందుకు పెరుగుతుందని ఒక పిల్ల లేచి అడిగితే, లోహంలోని అయాన్ల కంపనాలు ఎలక్ట్రాన్ల ప్రయాణానికి ఎలా అడ్డుపడతాయో చెప్పాలి. ఎమ్మెస్సీలో ఘనస్థితి భౌతికశాస్త్రం శ్రద్ధగా చదివినవారికి ఆ జవాబు కోసం తడుముకోవలసిన పని ఉండదు. ఏదో గట్టెక్కి పట్టా తెచ్చుకుంటే మాత్రం ఈ ప్రయోజనం ఉండదు.

అందుకే, ఇల్లు గడవడానికి ఆమె జీతం తప్పనిసరి కాకపోతే, ప్రైవేటు ఉద్యోగం మానిపించి రెగ్యులర్‌గానే చదివించండి, ఎందుకంటే భౌతికశాస్త్రంలో ల్యాబులో గడిపే సమయానికి ప్రత్యామ్నాయం లేదు. పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ రాయించి, కౌన్సెలింగులో ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయంతోపాటు విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయాన్నీ పరిశీలించండి. జీతం వదులుకోలేని పరిస్థితి అయితే దూరవిద్యే మార్గం. అప్పుడు ఆ కోర్సుకు యూజీసీ గుర్తింపు ఉందో లేదో, ప్రాక్టికల్స్ ఎక్కడ చేయిస్తారో ఫీజు కట్టకముందే తెలుసుకోవాలి.

ఈలోగా డీఎస్సీ ప్రకటన వస్తే తప్పక రాయించండి. ఉద్యోగంలో చేరాక ఉన్నత చదువుకు శాఖ అనుమతి తీసుకోవాలి. అది లేకుండా సంపాదించిన పట్టాను సర్వీసు రిజిస్టరులో నమోదు చేయించుకోవడం కష్టమవుతుంది.