రాత్రిళ్లు ఆపుకోలేక తినేయడం జబ్బా, నోరు కట్టుకోలేకపోవడమా?

ఇంట్లో అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్లి దొరికిందల్లా తినేస్తున్నానని, కడుపు నొప్పి పుట్టేదాకా ఆగలేకపోతున్నానని, పొద్దున్నే పశ్చాత్తాపంతో ఉపవాసం పట్టుకుంటున్నానని రాశారు. ఇది జబ్బేనా, డాక్టర్ దగ్గరికి వెళ్తే తిడతారా అని అడిగారు. నేను వైద్యుణ్ని కాదు, బ్యాంకు ఉద్యోగిని. ఇదే బాధ ఏళ్ల తరబడి పడి, వైద్యం చేయించుకుని, ఇప్పుడు చాలావరకు కుదుటపడ్డాను. అందుకే రాస్తున్నాను.

మీరు చెప్పిన లక్షణాలు బింజ్ ఈటింగ్ డిజార్డర్‌కి బాగా సరిపోతున్నాయి. ఖాయంగా చెప్పాల్సింది మాత్రం డాక్టరే. పెళ్లి భోజనంలో నాలుగు బూరెలు ఎక్కువ లాగించడం ఈ కోవలోకి రాదు. తక్కువ సమయంలో, అంటే ఒక రెండు గంటల్లోపు, మామూలుగా చాలామంది తినేదానికన్నా బాగా ఎక్కువ తినేయడం, తింటున్నంతసేపూ ఆపడం మన చేతిలో లేదనిపించడం దీని అసలు గుర్తు. దాంతోపాటు ఆకలి లేకపోయినా తినడం, గబగబా మింగేయడం, పొట్ట బిగుసుకుపోయేదాకా తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తర్వాత మన మీద మనకే అసహ్యం వేయడం. వీటిలో మూడైనా ఉండి, వారానికి ఒకసారైనా చొప్పున మూడు నెలలు సాగితే జబ్బు కింద లెక్క. ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1959లోనే దీని గురించి రాశాడు. అయినా ప్రత్యేకమైన జబ్బుగా అమెరికా సైకియాట్రిస్టులు మానసిక జబ్బుల్ని నిర్ధారించడానికి వాడే డీఎస్ఎమ్-5 పుస్తకంలోకి ఎక్కింది 2013లో. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లోనూ ఉంది. ఇంత ఆలస్యం అయింది కాబట్టి మన చుట్టుపక్కల చాలామంది డాక్టర్లకే ఇది గుర్తుకు రాదు. ఆడవాళ్ల జబ్బు అనుకునేవాళ్లూ ఉన్నారు. మగవాళ్లలోనూ అరుదేమీ కాదు, మేం చెప్పుకోం అంతే.

నా సంగతి చెప్తాను. మా ఇంట్లో జంతికల డబ్బా స్టీలుది. మూత లాగితే టంగుమని మోగుతుంది. మా ఆవిడకి వినపడకుండా మూత అంచు కింద బొటనవేలు పెట్టి కొంచెం కొంచెంగా లేపడంలో నాకు మంచి నైపుణ్యం వచ్చేసింది. లైటు వేసేవాణ్ని కాదు. ఫ్రిజ్ తలుపు తెరిచి ఆ వెలుగులో నిలబడే తినేవాణ్ని. జంతికలయ్యాక పెరుగన్నం, తర్వాత పిల్లాడి బిస్కెట్లు, అవీ లేకపోతే హార్లిక్స్ పొడి చెంచాతో. రుచి మొదటి రెండు నిమిషాలే తెలిసేది. మర్నాడు బ్యాంకు నుంచి వస్తూ అదే కొట్లో అవే జంతికలు కొని, డబ్బాలో నిన్నటి మట్టం దాకా నింపేవాణ్ని. తిన్నదానికన్నా ఆ నింపడమే నన్ను ఎక్కువ కుంగదీసింది.

ఇంత జరుగుతున్నా పగలు మాత్రం నేను మహా నియమంగా ఉండేవాణ్ని. పొద్దున కాఫీతో సరి. మధ్యాహ్నం రెండు పుల్కాలు, కౌంటర్ దగ్గర జనం ఉంటే అవీ లేవు. ‘నువ్వు అంత తక్కువ తింటావు, ఒళ్లెందుకు వస్తోంది’ అని స్టాఫ్ అడిగేవాళ్లు. రాత్రి జరిగేదానికి మూలం ఈ పగటి కడుపు మాడ్చుకోవడంలోనే ఉందని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు సగం తిండే పెట్టి చూశాడు. వాళ్లకి పగలూ రాత్రీ తిండి ధ్యాసే. మళ్లీ తిండి పెట్టాక కొందరు కడుపు నిండినా ఆపలేకపోయారు. వాళ్లెవరూ తిండిపోతులు కారు. అలా అని కారణం ఉపవాసం ఒక్కటే కాదు. ఇది కుటుంబాల్లో వంశపారంపర్యంగా కూడా వస్తుంది, డిప్రెషన్, ఆందోళన ఉన్నవాళ్లలో ఎక్కువ. నా విషయంలో మార్చి క్లోజింగ్ టెన్షన్, మేనేజర్ అన్న ఒక మాట, ఒంటరిగా ఉన్న సాయంత్రం, ఏదైనా చాలు. కానీ ఖాళీ కడుపుతో ఉన్న రోజునే ఆ మాట ఎక్కువ పనిచేసేది.

తిడతారా అన్నారు. నన్ను మొదట చూసిన ఫిజీషియన్ తిట్టలేదు గానీ, నేను సగం చెప్పేలోపే ‘నోరు కట్టుకోండి సార్, అన్నం మానేయండి’ అని 1200 క్యాలరీల చార్టు చేతిలో పెట్టారు. నాకు ఆ చార్టు పాటించిన వారాల్లోనే రాత్రిళ్లు ఇంకా ఘోరంగా గడిచాయి. ఆ తర్వాత చూపించుకున్న సైకియాట్రిస్టు నా బరువు సంగతి ఎత్తకుండా మొదట అడిగింది, ‘పొద్దున్నుంచి ఏం తిన్నారు?’ అని. అప్పటికి మధ్యాహ్నం మూడు. కాఫీ అన్నాను. ‘అయితే ఈ రాత్రి ఏమవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు’ అన్నారు నవ్వుతూ. నన్ను ఎవరైనా నమ్మారు అనిపించింది ఆ రోజే. థైరాయిడ్, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు రాసి, డిప్రెషన్‌కి ఒక మందు ఇచ్చి, క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు.

దీనికి బాగా పనిచేస్తుందని రుజువైన చికిత్స సీబీటీ, అంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ తిండి జబ్బుల కోసం తీర్చిదిద్దిన పద్ధతిని చాలామంది వాడతారు. చిన్నప్పటి గాయాలన్నీ తవ్వి ఏడిపిస్తారేమో అనుకుని వెళ్లాను. మొదటి రోజు ఒక కాగితం ఇచ్చారు. అందులో గడులు: ఎన్ని గంటలకు, ఏం తిన్నారు, ఎక్కడ, అదుపు తప్పినట్టు అనిపించిందా, అంతకుముందు ఏం జరిగింది. క్యాలరీల గడి లేదు. తిన్న వెంటనే రాయాలి, రాత్రి పడుకునే ముందు కూర్చుని గుర్తు తెచ్చుకుని కాదు. ఫ్రిజ్ దగ్గర నిలబడి ఫోన్‌లో ‘11.40, పెరుగన్నం, వంటింట్లో’ అని కొట్టడం ఎంత ఇబ్బందిగా ఉంటుందో చెప్పలేను. అయినా రెండు వారాలకే కాగితం మీద బొమ్మ కట్టినట్టు కనిపించింది: మధ్యాహ్నం గడి ఖాళీగా ఉన్న ప్రతి రోజూ రాత్రి గడి నిండిపోయింది.

తర్వాతి మెట్టు వేళకు తినడం. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, నాలుగు గంటలకు మించి ఎడం ఉండకూడదు. ఆకలి వేసినా వేయకపోయినా. ఒళ్లు తగ్గాలని వెళ్లినవాడికి ‘పొద్దున్నే నాలుగు ఇడ్లీలు తినండి’ అంటే ఎలా ఉంటుంది? నేను వాదించాను. అన్నిటికన్నా కష్టమైన నియమం ఇంకోటి: ముందురోజు రాత్రి ఎంత తిన్నా సరే, మర్నాడు టిఫిన్ మానకూడదు. మీరు పొద్దున్నే పట్టే ఉపవాసం సరిగ్గా ఇక్కడే అడ్డొస్తుంది. దేవుడి కోసం ఉండే ఉపవాసానికీ, రాత్రి తిన్నదానికి శిక్షగా ఉండే ఉపవాసానికీ తేడా మీకు తెలుసు. వైద్యం జరిగే కాలంలో రెండూ పక్కన పెట్టమంటారు. కార్తీక సోమవారాల ఉపవాసం ఉండనంటే మా అమ్మ మొదట నొచ్చుకుంది, మందులు వాడుతున్నాను అనేసరికి ‘సరే, దీపం పెట్టి తిను’ అంది.

భయపడే తిండిని మళ్లీ దగ్గర చేసుకోవడం ఆఖర్న వచ్చింది. నాకైతే కాజాలు. రెండు కాజాలు ప్లేటులో పెట్టుకుని, లైటు వేసుకుని, కుర్చీలో కూర్చుని, మా ఆవిడ ఎదురుగా తినాలి. పెళ్లిచూపుల్లో కూడా అంత చెమట పట్టలేదు నాకు.

బరువు గురించి ఉన్నమాట చెప్తాను, లేకపోతే మధ్యలో నిరాశపడి మానేస్తారు. ఈ చికిత్స లక్ష్యం అదుపు తప్పి తినడం ఆపడం. బరువు పెద్దగా తగ్గకపోవచ్చు. ఇంగ్లండ్‌లో డాక్టర్లు అనుసరించే నైస్ మార్గదర్శకాలు (2017) కూడా ఈ సంగతి రోగికి ముందే చెప్పమంటాయి, చికిత్స జరిగేటప్పుడు డైటింగ్ చేస్తే మళ్లీ తిరగబెట్టే ప్రమాదం ఉందని హెచ్చరిస్తాయి. మొదట సీబీటీ ఆధారంగా ఉన్న స్వయం సహాయ పద్ధతితో, పక్కన ఒకరి సాయంతో మొదలుపెట్టమనేది వాళ్ల సలహా. కాబట్టి మీ ఊళ్లో సైకాలజిస్టు లేకపోయినా దారి మూసుకుపోలేదు, ఆన్‌లైన్‌లో సాధ్యమే. మందుల్లో లిస్‌డెక్సామ్‌ఫెటమిన్ అనేదానికి అమెరికాలో 2015లో ఈ జబ్బు కోసం అనుమతి ఇచ్చారు, అదీ ఓ మోస్తరు నుంచి తీవ్రంగా ఉన్నవాళ్లకే, బరువు తగ్గడానికి కాదు. ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న బరువు తగ్గించే ఇంజెక్షన్లు ఈ జబ్బుకి ఆమోదం పొందినవి కావు. ఎవరైనా వాటిని రాయబోతే రాత్రుల సంగతి ముందు చెప్పండి.

ఎక్కడికి వెళ్లాలి? మెడికల్ కాలేజీలకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఆ పేర్లు వింటేనే మనవాళ్లు వెనకడుగు వేస్తారు, నాకు అది అర్థంలేని భయం అనిపిస్తుంది. సైకాలజిస్టుని వెతికేటప్పుడు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయిన క్లినికల్ సైకాలజిస్టేనా అని అడగండి. ‘లైఫ్ కోచ్’ బోర్డులు చాలా ఉన్నాయి. వెళ్లేముందు ఎవరితోనైనా తెలుగులో మాట్లాడాలనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్, ఇరవై నాలుగు గంటలూ ఉచితం. చచ్చిపోవాలనే ఆలోచన వచ్చిన రాత్రి అయితే తెల్లారేదాకా ఆగకండి, అప్పుడే చేయండి. ఇన్సూరెన్స్ ఉంటే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శారీరక జబ్బులతో సమానంగా వీటినీ కవర్ చేయాలి. అయితే చాలా పాలసీల్లో ఓపీ ఖర్చులు రావు, చూసుకోండి.

డాక్టర్ ఎదురుగా మాట పెగలకపోతే, ఈ ప్రశ్నలో రాసిందే కాగితం మీద రాసి ఇవ్వండి. నేను అదే చేశాను. చదివి కూడా బరువు గురించే మాట్లాడితే, ఆ డాక్టర్‌ని మార్చడానికి మొహమాటపడకండి.

ఇంట్లో అందరికీ చెప్పనక్కర్లేదు, ఒక్కరికి చెప్పండి చాలు. మా ఆవిడ వంటింటికి తాళం వేద్దామా అంది మొదట. సైకాలజిస్టు వద్దన్నారు, దొంగతనంగా తినే అలవాటు ఇంకా ముదురుతుందట. ఆమె చేసిన సాయం రెండే: నా కంచం వంక చూసి మాట అనకపోవడం, సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసి ‘ఏమైనా తిన్నారా’ అని అడగడం.

మీ ప్రశ్నలో లేని విషయం ఒకటి అడగాలి. తిన్నాక వేలు పెట్టి వాంతి చేసుకోవడం గానీ, విరేచనాల మాత్రలు వేసుకోవడం గానీ ఉందా? ఉంటే అది బులీమియా, అంటే అతిగా తిన్నదాన్ని వదిలించుకోవడానికి ఇలాంటివి పదేపదే చేసే ఇంకో తిండి జబ్బు, అయి ఉండొచ్చు. శిక్షగా పదేపదే ఉండే ఉపవాసం కూడా ఆ కోవలోకి రావచ్చు, కాబట్టి అదీ డాక్టర్‌కి చెప్పండి. వాంతులు, విరేచనాల వల్ల ఒంట్లో పొటాషియం పడిపోతే గుండెకి ప్రమాదం. సిగ్గుపడి దాచకుండా మొదటి రోజే డాక్టర్‌కి చెప్పండి, రక్తపరీక్ష అప్పుడే చేయిస్తారు.