పులికాట్‌కు టూరిజం కన్నా ముందు కావాల్సింది సముద్రపు నీళ్లు

"పులికాట్ సరస్సులో పక్షులూ మిగలాలి, మత్స్యకారుల బతుకూ జరగాలి అంటే టూరిజం పెంచి, వాళ్లకు వేరే పనులు నేర్పిస్తే సరిపోదా?" అని అడిగారు. సరిపోదు. ముందు సరస్సు సముద్రంతో కలిసే ముఖద్వారాల్లో పూడిక తీసి సముద్రాన్ని లోపలికి రానివ్వండి. మిగతావి తర్వాత మాట్లాడుకోవచ్చు.

నేనేమీ సైంటిస్టును కాదు. నెల్లూరులో రొయ్యల మేత అమ్మే షాపులో లెక్కలు రాస్తాను. మా అత్తగారి ఊరు వాకాడు వైపు, సరస్సు ఒడ్డున. మా మామ వయసంతా అందులో వల వేసే బతికాడు. కాబట్టి ఈ విషయంలో పెద్ద రిపోర్టులు రాసేవాళ్ల కన్నా నాకే ఎక్కువ తెలుసని నా నమ్మకం. కోపం వస్తే రానీండి.

పులికాట్‌లోకి పోటుకు సముద్రం వస్తుంది, పాటుకు వెనక్కి పోతుంది. పైనుంచి కాళంగి, ఆరణి లాంటి ఏర్ల మంచినీళ్లు దిగుతాయి. ఈ రెండూ కలిసిన నీళ్లలోనే దాని ప్రాణమంతా ఉంది. రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్ల పోటు నీళ్లతో సరస్సులోకి వచ్చి, ఇక్కడ మేసి పెరిగి, మళ్లీ గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోతుంది. మడవ చేపదీ దాదాపు అదే దారి. మరి ఆ దారే మూసుకుపోతే? మా వైపు రాయదొరువు ముఖద్వారం దగ్గర జరిగింది అదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు గట్టిగా పడితే వరద ఇసుకను తోసుకుని పోతుంది. తర్వాత నైరుతి గాలి మొదలయ్యాక తీరం వెంబడి ఇసుక ఉత్తరంగా జరుగుతూ వచ్చి మళ్లీ అడ్డం పడుతుంది. అసలే సరస్సు లోతు చాలా చోట్ల మనిషి నడుం దాకా కూడా ఉండదు. ఎండాకాలం వచ్చేసరికి ఉత్తరం వైపు నేల బయటపడుతుంది, దాని మీద మోటార్‌ సైకిళ్లు తోలుకుంటూ పోతారు. మిగిలిన గుంటల్లో నీళ్లు సముద్రం కన్నా ఉప్పగా ఉంటాయి. అందులో ఏం వేటాడతారు?

ఇక మీరన్న 'వేరే పనులు' సంగతి. ఒక ఎండాకాలం మా అత్తగారి ఊళ్లో ఆడవాళ్లకు ప్రత్యామ్నాయ ఉపాధి శిక్షణ అన్నారు. ఏ సంస్థో చెప్పను, అందరూ అలాంటివాళ్లే. రామాలయం ముందు షామియానా వేశారు, బ్యానర్ కట్టారు. నేర్పింది కొవ్వొత్తుల తయారీ. రోహిణి కార్తెలో, షామియానా కింద, గ్యాస్ స్టవ్ మీద మైనం కరిగించారు. ఆ వేడికి నేర్పే మేడమే రెండుసార్లు పక్కకెళ్లి మొహం కడుక్కొచ్చింది. అచ్చుల్లో పోసినవి గట్టిపడ్డాయని తీసి బల్ల మీద వరసగా నిలబెట్టారు. ఫొటోగ్రాఫర్ వచ్చేలోపు ఎండ బల్ల మీదికి తిరిగింది. కొవ్వొత్తులన్నీ తల వంచేశాయి. పిల్లలు ఒకటే నవ్వు.

మా అత్త లేచి అడిగింది, "సార్, మా ఊళ్లో కరెంటు పోతే ఫోను లైటు ఏసుకుంటాం. ఇంతమందిమీ ఇయ్యే చేస్తే ఎవురు కొంటారు?" వచ్చిన సారు మార్కెట్ లింకేజీ ఏర్పాటు చేస్తామన్నాడు. "అదేందో గానీ సార్, ఆ ముఖద్వారం తవ్వించమని పెద్దోళ్లకు ఒక మాట చెప్పండి. నీళ్లొస్తే మా రొయ్యలు మేం ఎండేసుకుంటాం" అంది. "అది మా సబ్జెక్టు కాదమ్మా" అన్నాడాయన. పక్కనున్న మేడం రిజిస్టరు చూపించి సంతకం పెట్టమంది. సాయంత్రానికి బిస్కెట్ ప్యాకెట్, సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి టీవీ పక్కన పెట్టుకుంది మా అత్త. దాని మీద ఆమె పేరులో అక్షరం తప్పు.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, ఆమె చేతిలో పని లేక కాదు. ఎండు చేపలు, ఎండు రొయ్యల పని ఆమెకు చిన్నప్పటి నుంచీ వచ్చు. ఇసక మీద ఆరబెడితే వ్యాపారి సగం ధరకు అడుగుతాడు. నడుం ఎత్తున కర్రలు పాతి, మీద వల పరిచి ఆరబెడితే ఇసక అంటదు, తొందరగా ఆరుతుంది, రేటు పలుకుతుంది. నేర్పేదేదో అది నేర్పండి, వలా కర్రలూ ఇప్పించండి. వానకు తడవకుండా దాచుకోడానికి ఒక షెడ్డు వేయండి. ఇదంతా ఎవరికీ తోచదు. తోచేవి మూడే, కొవ్వొత్తులు, ఫినాయిలు, కుట్టుమిషన్లు.

పక్షుల గురించి కూడా చెప్తా. ప్రతి శీతాకాలం పేపర్లో "సైబీరియా నుంచి విదేశీ అతిథులు" అని వేస్తారు. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులకూ (పెలికాన్లకూ) సైబీరియాకూ సంబంధమే లేదు. అవి మన దేశం పక్షులే. బాతులు, ఉల్లంకి పిట్టల్లో కొన్ని చాలా దూరం నుంచి వస్తాయి, నిజమే. ఫ్లెమింగోలు గుడ్లు పెట్టేది మాత్రం గుజరాత్‌లో కచ్ వైపు. పైగా నేలపట్టు చిన్న చెరువు. గూడు అక్కడ కట్టుకున్నా, పిల్లలకు పెట్టే చేప కోసం గూడబాతు పులికాట్‌కూ చుట్టుపక్కల చెరువులకూ పోవాల్సిందే. మా అత్తా, ఆ గూడబాతూ ఒకే కంచంలో తింటున్నారు. నేలపట్టు చుట్టూ రైతులు ఈ పక్షుల్ని తరిమింది లేదు. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పారితే పైరుకు బలమని వాళ్లకు ఎవరూ ట్రైనింగ్ ఇవ్వకముందే తెలుసు.

ఫ్లెమింగో ఫెస్టివల్ మీద నాకేం కోపం లేదు. సూళ్లూరుపేటలో జరిగే ఆ పండగకు పిల్లల్ని తీసుకెళ్లాను కూడా. 2022లో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ నెల్లూరోళ్లం ఇంకా అది మన పండగే అనుకుంటాం. కానీ రాత్రిపూట స్టేజీ మీద డాన్సులు, సినిమా వాళ్ల హడావిడి, సౌండ్ బాక్సులు చూస్తే, పక్షుల పేరు ఎందుకు పెట్టారా అనిపించింది.

నా సొంత వ్యాపారం మీద కూడా ఒక మాట. నేను జీతం తీసుకునేది రొయ్యల మేత మీదే. అయినా చెప్తా, సరస్సు ఒడ్డున చెరువులు తవ్వకూడదు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చిలికా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపు వ్యాపార రొయ్యల సాగు కుదరదని తీర్పిచ్చింది. ఇప్పటికీ ఈ మాట ఎత్తితే మా షాపుకొచ్చే రైతుల్లో కొందరు మొహం తిప్పుకుంటారు. చెరువు మందుల నీళ్లు, బురద నీళ్లు సరస్సులోకి వదిలితే రోగం అందరి రొయ్యలకూ అంటుతుందని తెల్లమచ్చ తెగులు వచ్చినప్పుడే తెలిసింది కదా.

పీతల పెంపకం బాగుంటుందని కొందరంటారు. నేనూ ఒప్పుకుంటా. కుబుసం విడిచి కండ లేకుండా మెత్తగా ఉన్న మండ పీతకు రేటు రాదు. దాన్ని వల కట్టిన దడిలో చిల్లర చేప మేపి మూడు నాలుగు వారాలు ఉంచితే కండ పడుతుంది, ప్రాణంతో చెన్నైకి పంపొచ్చు. పెట్టుబడి తక్కువ, యానాది కుటుంబాలు కూడా చేసుకోగలిగే పని. కానీ ఆ మెత్తటి పీత కూడా సరస్సులోంచే రావాలి. ఆడ పీత గుడ్లు వదలడానికి మళ్లీ సముద్రానికే పోవాలి. తిరిగి తిరిగి ముఖద్వారం దగ్గరికే వచ్చాం చూడండి.

టూరిజం వద్దని నేననను. బోటు ఊరివాళ్లదై, టికెట్టు డబ్బు ఊళ్లోనే ఉంటే మంచిదే. భీములవారిపాలెంలో పడవెక్కే జనానికి పక్షుల్ని చూపించడానికి మా మామ కన్నా బాగా తెలిసినవాడు ఏ గైడూ ఉండడు. అయితే జనం వచ్చేది శీతాకాలం నాలుగు నెలలు, అదీ నీళ్లుంటేనే. తమిళనాడు వైపు పళవేర్కాడులో రొయ్యల వలలకు 'పాడు' అని వంతుల పద్ధతి ఉంది, ఏ రోజు ఎవరు ఎక్కడ వల కట్టాలో వాళ్లే తేల్చుకుంటారు. ఆ వంతుల్లో కొన్ని కులాలకే చోటన్న గొడవ కూడా ఉంది, అది వేరే కథ. ఆ వైపు వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ ఏడు మీ ముఖద్వారం తెరిచే ఉందా, రొయ్య ఏ మాత్రం పడుతోందో కింద రాయండి. మా మామ అడగమన్నాడు.