రాత్రిపూట బండలాగుడు పోటీలకు కెమెరా సెట్టింగులు

ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లలో ఫ్లడ్‌లైట్ల కింద జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలను 70–200 ఎంఎం, ఎఫ్/2.8 లెన్సుతో తీసేవారు మొదట తేల్చుకోవలసింది షట్టర్ వేగం, అంటే షట్టర్ ఎంతసేపు తెరుచుకుని ఉండాలన్నది. బరువు లాగే ఎడ్లు నెమ్మదిగానే కదిలినా, గిట్టలూ చర్నాకోలా అలా కదలవు కనుక 1/500 సెకనుకు తగ్గకపోవడం మంచిది. లెన్సులోని స్టెబిలైజేషన్ మన చేతి వణుకును సరిదిద్దుతుందే గాని ఎద్దు కదలికను ఆపలేదు.

లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రమైన అపర్చరును ఎఫ్/4కు మారిస్తే వెలుతురు సగమైపోతుంది కాబట్టి 2.8 దగ్గరే ఉంచండి. అయితే ఫుల్‌ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్ము అంత సెన్సార్ ఉన్న) కెమెరాలో 200 ఎంఎం వద్ద, పది మీటర్ల దూరంలో స్పష్టంగా వచ్చే లోతు సుమారు 40 సెంటీమీటర్లే. అందువల్ల ఫోకస్ దగ్గరి ఎద్దు కంటి మీద ఉండాలి. జతలో రెండోది కాస్త మసకబారినా ఫరవాలేదు.

వెలుతురుకు కెమెరా చూపే సున్నితత్వమైన ఐఎస్ఓను ఆటోకు వదిలి, గరిష్ఠం 6400గా పెట్టవచ్చు. నాయిస్‌కు (ఫొటోలో కనిపించే చుక్కలకు) భయపడి చీకటిగా తీసి, తరువాత కంప్యూటర్‌లో వెలుగు పెంచితే ఆ నాయిస్ ఎలాగూ బయటపడుతుంది.

అసలు చిక్కు ఒంగోలు గిత్త తెలుపుతోనే: వెనుక ఉన్న చీకటిని చూసి కెమెరా ఎక్స్‌పోజర్ పెంచేయడంతో, మూపురం మీది మడతలన్నీ సున్నం కొట్టినట్టు చెరిగిపోతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (కెమెరా ఎంచుకున్న వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగును) -2/3తో మొదలుపెట్టి, హిస్టోగ్రాం (ఫొటోలోని వెలుగునీడల గ్రాఫు) చూస్తూ సవరించుకోవాలి. ఎల్ఈడీ దీపాల వల్ల చారలు పడుతుంటే కెమెరాలోని యాంటీ ఫ్లికర్ (దీపాల మినుకు ప్రభావాన్ని తగ్గించే సెట్టింగు) ఆన్ చేయండి.