కాలువ చివర నుంచి మొదలుపెట్టు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. విజయవాడను ఆనుకుని ఉన్న పురపాలక సంఘంలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరుగా) చేరిన మూడో నెలకే, పక్క ఊరితో కలిసి వాన నీటి కాలువలు నిర్వహించే ఒప్పందం తయారు చేయమని కమిషనర్ గారు నీకు అప్పగించారంటే చాలా సంతోషంగా ఉంది. పొక్లెయిన్, నీటి ఒత్తిడితో పూడిక వదిలించే జెట్టింగ్ యంత్రం ఎవరు ఏ వారం వాడుకోవాలో నువ్వు వేసిన పట్టిక శ్రద్ధగా చూశాను. పట్టికలో తప్పు లేదు. కానీ ఒప్పందానికి అది మొదలు కాకూడదు. వాన కురిసిన రాత్రి ఆ యంత్రం రెండు ఊళ్లకూ ఒకే గంటలో కావాలి. యంత్రం ఒక్కటే పంచుకున్న ఊళ్లు ఆ రాత్రే తగవు పడతాయి. ముందు కాలువ చివర ఎక్కడుందో చూడు. అది ఎవరి హద్దులో ఉన్నా ఇద్దరిదీ అని రాయించు.

కొత్తలో నేనూ మా హద్దు రాయి వరకే చూశాను. ఏప్రిల్‌లోనే పూడిక అంతా తీయించాను. హద్దు దాటి రెండు వందల గజాలు పోతే ఒక కల్వర్టు ఉంది. దాని కింద సగానికి పైగా మట్టి, కొబ్బరి బోండాలు, ప్లాస్టిక్ సంచులు. జూన్‌లో గట్టి వాన పడింది. నేను శుభ్రం చేయించిన కాలువలో నీళ్లు మునుపటికంటే వేగంగా పోయి, అక్కడ ఆగి, వెనక్కి తన్ని మా దిగువ వీధిలోకే వచ్చాయి. ఒక ముసలామె బియ్యం డబ్బా మంచం మీద పెట్టుకుని పక్కనే కూర్చుని ఉంది. ఆ కల్వర్టు మా ఊరిది కాదని ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. మర్నాడే పక్క ఊరి ఇంజనీరు గారి దగ్గరికి వెళ్లాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ఏం చేసిందో నువ్వు చూశావు. మళ్లింపు కాలువకు గండ్లు పడింది కొండపల్లి వైపు, మునిగింది విజయవాడలోని సింగ్‌నగర్. ఆ కాలువ కలవాల్సిన కృష్ణ కూడా అప్పుడే పొంగి ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అంతటి వరదను మన వీధి కాలువల ఒప్పందం ఆపలేదు, అది జలవనరుల శాఖ పని. కానీ మామూలు వానకు మోకాలి లోతు నీళ్లు నిలవకుండా చూడటం మన చేతిలో ఉంది.

కాబట్టి పూడికతీత దిగువ నుంచి పైకి సాగాలి. అంటే మొదటి రూపాయి పక్క ఊరి నేల మీద ఖర్చవుతుంది. కౌన్సిల్‌లో అడ్డం పడేది ఇక్కడే. ఖర్చులో వాటా జనాభా లెక్కన వేయవద్దు. ఏ ఊరి నుంచి ఎంత విస్తీర్ణం ఆ కాలువలోకి దిగుతోందో, అందులో నీరు ఇంకని సిమెంటు రోడ్లు, డాబాలు ఎంతో కొలిచి వెయ్యి. ఇద్దరు ఏఈలూ కలిసి నడిచి, పని ముందు, పని తర్వాత కాలువ అడుగు మట్టాలు (లెవెల్స్) తీసి, కొలతలు రాసే ఎం బుక్కులో ఇద్దరూ సంతకం పెట్టండి. కాంట్రాక్టరు లెక్కకు మించి బిల్లు పెట్టకుండా అంతకంటే మంచి కట్టడి నేను చూడలేదు. రెండు కౌన్సిళ్ల తీర్మానాలు, డబ్బు జమ మార్చి ఆఖరులోగా పూర్తి కావాలి. ఒప్పందం ముసాయిదాను న్యాయ సలహాదారుకు ముందే చూపించు.

తీసిన పూడికను గట్టు మీద వదలనివ్వవద్దు. మొదటి వానకే అది మళ్లీ కాలువలోకి జారుతుంది. ఎక్కడికి తరలించాలో, ఎన్ని రోజుల్లో తరలించాలో ఒప్పందంలోనే ఉండాలి. ఈ షరతు లేక నాకు రెండు వేసవుల పని నీళ్లపాలైంది.

మరో మాట, దీని మీద నేను మెత్తబడను. మన వాన నీటి కాలువల్లో చాలాచోట్ల మరుగుదొడ్ల నీరూ కలుస్తుంది. మూసిన డ్రైనులోకి మనిషిని దింపవద్దు. పాకీ పని నిర్మూలన కోసం వచ్చిన 2013 చట్టం మురుగు కాలువల్లో ప్రమాదకరమైన శుభ్రత పనికి మనుషులను పెట్టడాన్ని నిషేధించింది. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. రెండు ఊళ్ల పని అనగానే కూలీ ఎవరి మనిషి అన్నది మసకబారుతుంది. అతని పేరు, బీమా, చేతి తొడుగులు, బూట్లు ఎవరి బాధ్యతో పేరు పెట్టి రాయి.

వాన రాత్రికి యంత్రం ఎటు వెళ్లాలో నిర్ణయించడానికి కల్వర్టు గోడ మీద నీటి మట్టం గుర్తులు వేయించు. ఏ గుర్తు దాటితే ఏ కల్వర్టు దగ్గరికి వెళ్లాలో వేసవిలోనే రాసుకుంటే, అర్ధరాత్రి ఫోన్లలో వాదులాట ఉండదు.

మార్చి రెండో వారంలో నేను వస్తాను. పక్క ఊరి ఏఈని కూడా రమ్మను. ఎండ ముదరకముందే ముగ్గురం కాలువ కలిసే చోట నుంచి ఎగువకు నడుద్దాం. టేపు, మట్టం కొలిచే కర్ర (స్టాఫ్) నువ్వు తీసుకురా. నా పాత లెవెల్ పుస్తకాలు నేను తెస్తాను.

నీ పెదనాన్న