ముల్లు మధ్యలో నిలవాలి

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది రాత్రంతా మనసులో తిరుగుతూనే ఉంది. విన్నిపెగ్ చుట్టూ తిరిగే పెరిమీటర్ హైవే ఎక్కగానే హీటర్‌లోంచి చల్లగాలి కొడుతోందన్నావు. వేడి చూపించే ముల్లు సగం నుంచి కిందికి జారిపోయి, ఊళ్ళో పెంబినా రోడ్డు మీద సిగ్నళ్ళ దగ్గర ఆగితే మళ్ళీ కాస్త లేస్తోందన్నావు. తెనాలిలో మీ నాన్న స్నేహితుడేమో "ముల్లు కిందుంటే మంచిదేగా, ఇంజను చల్లగా ఉన్నట్టే" అన్నాడట. ఆయన్ని తప్పు పట్టను. మే నెల ఎండలో బండ్లు కాగిపోకుండా కాపాడుకుంటూ వచ్చిన మనిషి. మనవైపు పాత అంబాసిడర్లకి థర్మోస్టాట్ పీకి పక్కన పడేయడం నేనూ కళ్ళారా చూశాను. కానీ ఈ కెనడాలో, విన్నిపెగ్ జనవరిలో ఆ లెక్క తలకిందులవుతుంది.

ఇంజను చల్లగా ఉండకూడదు నాన్నా, తన వేడి మీద తను నిలబడాలి. ఆ వేడి సుమారు 90 డిగ్రీలు. అక్కడ నిలబెట్టేదే థర్మోస్టాట్. దాని లోపల మైనం ఉంటుంది. కూలెంట్, అంటే ఇంజను వేడిని రేడియేటర్‌కీ హీటర్‌కీ మోసే ద్రవం, కాగేదాకా మైనం గట్టిగా ఉండి రేడియేటర్ దారి మూసి ఉంచుతుంది, కాగాక ఉబ్బి తలుపు తెరుస్తుంది. నీ బండిలో ఆ తలుపు తెరుచుకునే ఇరుక్కుపోయిందని నా అనుమానం. బయట మైనస్ 28, నువ్వు గంటకి 100 కిలోమీటర్ల మీద వెళ్తున్నావు. ఆ గాలికి రేడియేటర్ వేడంతా లాగేస్తుంది. సిగ్నల్ దగ్గర గాలి ఉండదు కాబట్టి ముల్లు లేస్తుంది.

హీటర్ రాకపోతే స్వెటర్ వేసుకుంటానన్నావు. బాధ నీ చలి ఒక్కటే అయితే నేనీ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఇంజను ఇంకా కాగలేదనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. కాలని పెట్రోలు పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్లో కలుస్తుంది. పెట్రోలు కాలినప్పుడు పుట్టే నీటి ఆవిరి కూడా లోపలే చల్లబడి ఆయిల్లోకే చేరుతుంది. ఆయిల్ బాగా కాగితే ఆ నీరు ఎగిరిపోతుంది, కాగకపోతే ఉండిపోతుంది. ఒకసారి ఆయిల్ పోసే మూత విప్పి చూడు. అడుగున మీగడలాంటి జిగురు పట్టి ఉంటే అది ఇదే. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండికి కూడా అలా పడుతుంది, కంగారు పడకు. అందుకే వారానికోసారైనా అరగంట ఆగకుండా నడపమంటాను. కానీ ఆయిల్ మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్ మీద కూడా అదే రంగు కనిపిస్తే బండి స్టార్ట్ చేయకుండా నాకు ఫోన్ చెయ్యి.

షెడ్డుకి వెళ్ళేముందు, ఇంజను పూర్తిగా చల్లారాక, కూలెంట్ మట్టం చూడు. వేడి మీద ఆ మూత ఎప్పుడూ విప్పొద్దు. మట్టం తగ్గితే గుర్తు వేరుగా ఉంటుంది: ఆగి ఉన్నప్పుడు చల్లగాలి వచ్చి, రేజ్ చేస్తే వెచ్చబడుతుంది. నీది దానికి పూర్తిగా ఎదురు.

కూలెంట్ దగ్గర మాత్రం నా మాట గట్టిగా విను. నేనిక్కడ కొన్న మొదటి బండికి వెనకటి యజమాని వేసవిలో పంపు నీళ్ళు పోశాడు. మైనస్ 34 రాత్రి బయట పెట్టాను. నీరు గడ్డకడితే వందలో 9 వంతులు ఉబ్బుతుంది. పొద్దున్నే ఇంజను పక్కనున్న బిళ్ళ ఒకటి ఊడిపోయి ఉంది, గొట్టాల్లో ముక్కలైన మంచు. అప్పుడు నా దగ్గర అద్దెకే సరిగ్గా డబ్బుల్లేవు. కూలెంట్‌ని గడ్డకట్టనివ్వని మందు గ్లైకాల్. అది సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిస్తే మైనస్ 37 దాకా గడ్డకట్టదు. అలాగని పూర్తిగా గ్లైకాలే పోస్తే మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది, ఇది చాలామందికి తెలియదు. మైనస్ 40 కూడా చూసే ఊరు కాబట్టి నీకు వందకి 60 పాళ్ళ గ్లైకాల్ ఉంటే నాకు నిశ్చింత. షెడ్డులో ఒక్క చుక్కతో కొలిచి చెప్తారు, అడుగు.

నీ బండి ముందు జాలీలోంచి వేలాడుతున్న ప్లగ్గు చూసి ఇదేమిటని అడిగావు కదా, అదే బ్లాక్ హీటర్, ఆగి ఉన్న ఇంజనుని కరెంటుతో వెచ్చబెట్టేది. మైనస్ 15 దాటితే బయల్దేరడానికి మూడు గంటల ముందు పెట్టుకో. రాత్రంతా అక్కర్లేదు, టైమర్ ఒకటి కొనుక్కుంటే కరెంటు మిగులుతుంది. వైరు బయట వాడే మందపాటిదే ఉండాలి. కదిలేముందు ప్లగ్గు తీశానా అని ఒకసారి చూసుకో.

స్టార్టయ్యాక పావుగంట నిలబెట్టి కాచకు. ఒకటి రెండు నిమిషాలు, బాగా చలైతే ఐదు, తర్వాత మెల్లగా నడుపు. నడిస్తేనే ఇంజను త్వరగా కాగుతుంది. మూసిన గ్యారేజీలో మాత్రం ఒక్క నిమిషం కూడా వద్దు. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తెలియకుండానే మనిషి ప్రాణం తీసేస్తుంది. సైలెన్సర్ గొట్టానికి మంచు అడ్డం పడలేదని కూడా చూడు.

రేడియేటర్ ముందు అట్టముక్క పెట్టమని నీ రూమ్మేట్ అన్నాడు. లారీలవాళ్ళు పరదాలు కడతారు, నిజమే. థర్మోస్టాట్ పాడైనప్పుడు అట్ట పెట్టడం జ్వరానికి దుప్పటి కప్పడమే. పైగా ఎండొచ్చిన రోజు తీయడం మర్చిపోతే ఇంజను కాగిపోతుంది. ముందు థర్మోస్టాట్ మార్పించు. సామాను ఖరీదు పెద్దది కాదు, దాంతో పాటు కొత్త సీలు వేయమను, కూలెంట్ నింపాక గాలి పూర్తిగా తీయమని చెప్పు. ఆయిల్ మార్చే వేళైతే, మీ బండి పుస్తకం ఒప్పుకుంటే, గడ్డు చలిలోనూ పలచగా పారే 0డబ్ల్యూ రకమే వేయించు.

డబ్బుల గురించి మొహమాటపడకు, శుక్రవారం పంపుతాను. మార్పించాక పెరిమీటర్ మీద ఒక్క రౌండు వేసి, ముల్లు ఎక్కడ నిలిచిందో ఫోటో తీసి పంపు. బండి ఆపాకే తియ్యి.

మీ మావయ్య