ఆస్పత్రి చెత్త కాల్చే మా ప్లాంటు పొగను ఇన్‌ఫ్రారెడ్ కాంతితో కొలిచే ఎఫ్‌టీఐఆర్ మీటర్ హెచ్‌సీఎల్ (హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఆమ్ల వాయువు) దాదాపు సున్నా చూపిస్తోంది, నమ్మొచ్చా?

నమ్మకు తమ్ముడూ. ఆస్పత్రి చెత్త పసుపు సంచుల్లో పీవీసీ (క్లోరిన్ ఉండే ప్లాస్టిక్) ఎంతో కొంత పడుతూనే ఉంటది, అది కాలితే హెచ్‌సీఎల్ వస్తది. నల్లగొండలో మీ ప్లాంటుకు సున్నపు పొడితో పొగలోని ఆమ్లాన్ని తీసేసే స్క్రబ్బర్ ఉందన్నావు కదా, ముందు ప్రోబ్ (పొగగొట్టంలోంచి గ్యాస్ లాగే గొట్టం) ఫిల్టర్ విప్పి చూడు. దాని మీద పేరుకున్న సున్నం మీటర్ దాకా రాకముందే హెచ్‌సీఎల్‌ను పట్టేస్తది. ఎస్ఓ2 (సల్ఫర్ డయాక్సైడ్) కూడా కొంత తగ్గుతది. సీఓ (కార్బన్ మోనాక్సైడ్) మాత్రం మామూలుగానే వస్తది, అందుకే మీటర్ బాగానే ఉందనిపిస్తది.

తర్వాత చల్లటి చోటు వెతకాలి. ప్రోబ్, లైను (గ్యాస్‌ను మీటర్‌కు తెచ్చే వేడి గొట్టం), సెల్ (మీటర్ లోపల గ్యాస్‌ను కొలిచే గది) అన్నీ 180 డిగ్రీల మీద ఉండాలి. కంట్రోలర్ 180 చూపించినా, ప్రోబ్‌కీ లైనుకీ మధ్య జాయింటు జానెడు వేడి తగలకుండా బయటికి ఉంటే చాలు, అక్కడ తడి పట్టి హెచ్‌సీఎల్ అందులో కరిగిపోతది.

స్పాన్ గ్యాస్‌ను (హెచ్‌సీఎల్ ఎంత ఉందో ముందే తెలిసిన పరీక్ష గ్యాస్) మీటర్‌కు నేరుగా ఇస్తే ఇవేవీ బయటపడవు. ప్రోబ్ దగ్గర, ఫిల్టర్‌కు ముందు ఇవ్వు. రెగ్యులేటర్ ఇత్తడిది వద్దు, స్టెయిన్‌లెస్ స్టీల్‌ది వాడు. హెచ్‌సీఎల్ గొట్టం గోడలకు అంటుకునే రకం, రీడింగ్ నిలబడేదాకా ఓపిక పట్టాలి. రెండు చోట్లా ఇచ్చి పోల్చు, తేడా వస్తే తప్పు ఫిల్టర్‌దో లైనుదో.

లెక్కలో ఇంకో మోసం ఉంది. ఆక్సిజన్ ఇన్‌ఫ్రారెడ్‌ను పీల్చుకోదు కాబట్టి దానికి జిర్కోనియా సెన్సర్ వేరే ఉంటది, అది తడి విలువ (తేమతో కలిపిన లెక్క) ఇస్తది. తేమ 20 శాతం, తడి హెచ్‌సీఎల్ ఘనపు మీటరుకు 18 మిల్లీగ్రాములు, తడి ఆక్సిజన్ 12.8 అనుకో. తేమ పోగా మిగిలేది 80 శాతం కాబట్టి రెండింటినీ 0.8తో భాగిస్తే పొడి విలువలు 22.5, 16. ఇప్పుడు 11 శాతం ఆక్సిజన్‌కు మార్చాలి (21 అంటే మామూలు గాలిలోని ఆక్సిజన్ శాతం): 22.5 × (21−11) ÷ (21−16) = 45. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల పరిమితి 50. ఆక్సిజన్‌ను పొడి లెక్కకు మార్చడం మరిస్తే 27 దగ్గర వచ్చి, అంతా భేషుగ్గా ఉన్నట్టు కనిపిస్తది.

మీటర్ తన లైబ్రరీలోని గ్యాస్‌ల గీతలతో స్పెక్ట్రమ్‌ను సరిపోల్చాక (ఫిట్టింగ్) మిగిలే తేడాను, అంటే రెసిడ్యువల్‌ను, 2,700–3,050 వేవ్‌నంబర్ల (ఇన్‌ఫ్రారెడ్ కాంతి కొలత) మధ్య చూడు. హెచ్‌సీఎల్ గీతలు అక్కడే ఉంటయి, మీథేన్, శానిటైజర్ ఆల్కహాల్ కూడా అక్కడే. లైబ్రరీలో ఆ ఆల్కహాల్ లేకపోతే హెచ్‌సీఎల్ విలువ మైనస్‌లోకి కూడా పోవచ్చు.

కరెంటు పోయినప్పుడు సెల్‌లో తడి గ్యాస్ అట్లనే చల్లారితే అద్దాల పూత పోతది. కరెంటు లేనప్పుడు దానంతటదే తెరుచుకునే వాల్వుతో నైట్రోజన్ పర్జ్ (సెల్‌లోని తడి గ్యాస్‌ను నైట్రోజన్‌తో బయటికి ఊదేయడం) పెట్టించు. సిలిండర్ ఖాళీ కాకుండా చూసుకో.